పరుగెత్తే బిడ్డకు ఆగే హక్కు

చట్టసభల ఆమోదం పొందే బిల్లులలో కొన్ని మాటలు వాదోపవాదాల హోరులో ఎవరి చెవినీ పడకుండా జారిపోతుంటాయి. 2016 జూలై 19న రాజ్యసభ, 26న లోక్‌సభ ఆమోదించిన బాలకార్మిక నిషేధ, నియంత్రణ సవరణ బిల్లులో అటువంటి మాట ఒకటి ఉంది. నాడు కేంద్ర కార్మిక శాఖను నిర్వహిస్తూ ఆ బిల్లును సభల ముందుంచినవారు మన బండారు దత్తాత్రేయ గారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదని ఆ చట్టం ఒక చేత నిషేధించి, మరొక చేత రెండు మినహాయింపులు ఇచ్చింది. బడి వేళలు కాని సమయంలో కుటుంబ వృత్తిలో సాయపడటం మొదటిది. చర్చ అంతా దాని చుట్టూనే తిరిగింది. పేదవాని బిడ్డ మళ్లీ మగ్గం ముందుకో, బీడీల చాట ముందుకో చేరుకుంటాడని విజ్ఞులు ఆందోళన వెలిబుచ్చారు. ఆ ఆందోళన సహేతుకమైనదే.

రెండవ మినహాయింపు మీద అంతటి విచారణ జరగలేదు. సినిమాలలో, టెలివిజన్ ధారావాహికలలో, వాణిజ్య ప్రకటనలలో, సర్కస్ మినహా ఇతర వినోద, క్రీడా కార్యక్రమాలలో బాలలు కళాకారులుగా పనిచేయవచ్చునని అది చెబుతున్నది. కళాకారుడంటే ఎవరు? నటుడు, గాయకుడు, క్రీడాకారుడు అని చట్టమే వివరణ ఇచ్చింది. అంటే మన దేశంలో బాల్యంలో ఆడే ఆట ఒక హద్దు దాటితే 'పని' కిందికి వస్తుందని పార్లమెంటు అంగీకరించినట్లయింది. అయితే ఆ హద్దు ఎక్కడున్నది? దానిని గీయవలసిన వారెవరు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకబోయేవారు ఆ బిల్లుకు పదేళ్ల ముందు మన పొరుగు రాష్ట్రంలో జరిగిన ఒక పరుగును, దానిపై వచ్చిన ఒక టెలివిజన్ చిత్రాన్ని తప్పక చూడవలసి ఉంటుంది.

ఆ చిత్రం పేరు 'మారథాన్ బాయ్'. దర్శకురాలు గెమ్మా అట్వాల్. 2011లో అమెరికాలోని హెచ్.బి.ఓ. టెలివిజన్ సంస్థ దానిని ప్రసారం చేసింది. ఇది కల్పిత కథ కాదు. భువనేశ్వర్‌లోని సాలియా సాహి మురికివాడకు చెందిన బుధియా సింగ్ అనే బాలుని, అతని శిక్షకుడు బిరంచి దాస్‌ను కొన్నేళ్ల పాటు వెన్నంటి తీసిన వాస్తవిక చిత్రం. ఒక పసివాడు కెమెరా కళ్ల ముందే పెరిగి పెద్దవాడు కావడం, వానిని పెంచినవారు, వానిపై వాదులాడినవారు ఒక్కొక్కరే తెరమీది నుంచి తప్పుకోవడం ఈ చిత్రంలోని ఇతివృత్తం. క్రీడల మీద వచ్చే చిత్రాలు సాధారణంగా పతకంతో ముగుస్తాయి. ఈ చిత్రంలో పతకం లేదు. అందుకే ఇది మనకు అవసరం.

జరిగినది క్లుప్తంగా మనవి చేస్తాను. బుధియా 2002లో పుట్టాడు. తండ్రి మరణించాడు. కడుపు నింపలేని తల్లి ఆ బిడ్డను 800 రూపాయలకు వీధిలో సరుకులమ్ముకునే వానికి ఇచ్చివేసింది. జూడో శిక్షణ కేంద్రం నడుపుతున్న బిరంచి దాస్ వానిని తన ఇంటికి చేర్చుకున్నాడు. బాలుడు ఒకనాడు అల్లరి చేస్తే, తాను తిరిగి వచ్చేదాకా మైదానంలో పరుగెత్తమని శిక్ష వేశాననీ, కొన్ని గంటల తర్వాత వచ్చి చూస్తే ఇంకా పరుగెత్తుతూనే ఉన్నాడనీ, అప్పుడే వానిలోని శక్తిని గుర్తించాననీ దాస్ చెప్పేవాడు. గమనించండి. ఈ కథ మొదలైనదే ఒక శిక్షతో. ఆపమనే మాట కోసం ఎదురుచూస్తూ పరుగెత్తిన బిడ్డ కథ ఇది.

2006 మే 2న బుధియా పూరీ నుంచి భువనేశ్వర్ వైపు పరుగు తీశాడు. 65 కిలోమీటర్లు, 7 గంటల 2 నిమిషాలు. వయస్సు నాలుగేళ్లు. పెద్దలు పరుగెత్తే మారథాన్ దూరమే 42.195 కిలోమీటర్లన్న సంగతి పాఠకులకు తెలిసినదే. కేంద్ర రిజర్వు పోలీసు దళం ఆ కార్యక్రమానికి అండగా నిలిచింది. జవాన్లు వెంట పరుగెత్తారు. టెలివిజన్ వాహనాలు ముందూ వెనుకా సాగాయి. దారిపొడవునా జనం చప్పట్లు చరిచారు. లిమ్కా రికార్డుల పుస్తకంలో వాని పేరు చేరింది. అనుకున్న గమ్యం ఇంకా కొంత దూరం ఉండగానే ఆ బిడ్డ సొమ్మసిల్లాడు. ఆ చివరి ఘట్టాన్ని చిత్రం దాచకుండా చూపింది. ఆ దృశ్యాన్ని చూసి, చప్పట్లు కొట్టిన చేతులలో ఒక్క జత చేతులైనా ముందుకు వచ్చి వానిని ఎత్తుకోలేదేమని ప్రశ్నించుకోని మనిషి ఉండడు.

తర్వాత జరిగిన వైద్య పరీక్షలలో బాలునికి పోషకాహార లోపం, రక్తహీనత ఉన్నాయనీ, గుండె మీద తీవ్రమైన ఒత్తిడి పడిందనీ తేలింది. రాష్ట్ర ప్రభుత్వం వాని దూరపు పరుగులను నిషేధించింది. ఇక్కడ ఒక వైచిత్రి కద్దు. కేంద్ర హోం శాఖ కింద పనిచేసే దళం ఏ పరుగును ప్రోత్సహించిందో, ఆ పరుగునే రాష్ట్రంలోని శిశు సంక్షేమ యంత్రాంగం నేరంగా పరిగణించింది. రాజ్యాంగంలో క్రీడలు రాష్ట్ర జాబితాకు చెందిన అంశం. బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ల చట్టం 2005 నాటిదే అయినా, జాతీయ కమిషన్ రూపుదాల్చినది 2007 మార్చిలో. అనగా బుధియా పరుగెత్తిన నాడు చట్టం కాగితం మీద ఉన్నది, దానిని అమలు జరుపవలసిన సంస్థ ఇంకా పుట్టలేదు. ప్రభుత్వం బిడ్డను గుర్తించింది పరుగు మొదలైనప్పుడు కాదు, వాడు కూలిపోయిన తర్వాత.

బిరంచి దాస్‌ను ఎట్లా చూడాలి? ఈ చిత్రానికి ఉన్న గొప్ప గుణం ఇక్కడే కనిపిస్తుంది. అది ఆయనను రాక్షసునిగా చిత్రించలేదు, మహర్షిగానూ చిత్రించలేదు. ఆ మురికివాడలో ఏ ప్రభుత్వ శాఖా అడుగుపెట్టని రోజులలో పిల్లలకు అన్నం పెట్టి, బరిలో నిలబెట్టినవాడు ఆయనే. వీధిలో అమ్ముడుపోయిన బిడ్డను తెచ్చి తన ఇంట పెట్టుకున్నవాడూ ఆయనే. అయిదేళ్లు నిండకుండానే ఆ బిడ్డ చేత 48 మారథాన్లు పరుగెత్తించానని చాటుకున్నవాడు కూడా ఆయనే. ప్రేమకూ, పేరుప్రతిష్ఠల ఆశకూ మధ్య గీత ఎక్కడ చెరిగిపోయిందో ఆయనకే తెలియకపోయి ఉండవచ్చు. 2007 ఆగస్టులో బాలుని హింసించాడన్న ఆరోపణ మీద పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. ఆయన దానిని ఖండించాడు, బెయిలు మీద విడుదలయ్యాడు. 2008 ఏప్రిల్ 13న భువనేశ్వర్‌లో దుండగుల తుపాకి గుళ్లకు బలయ్యాడు. బాలుడు మళ్లీ పెద్దదిక్కును కోల్పోయాడు. అప్పటికి వానికి ఆరేళ్లు.

ప్రభుత్వం వానిని కళింగ స్టేడియంలోని క్రీడా వసతిగృహంలో చేర్చింది, బడిలో వేసింది. ఇది చేయదగిన పనే. కాని దూరపు పరుగుకు పేరుపడిన బాలునికి అక్కడ లభించినది తక్కువ దూరాల పరుగులో శిక్షణ. తనకు తగిన శిక్షకుడు లేడని కౌమారంలోకి వచ్చిన తర్వాత బుధియా పత్రికలవారితో చెప్పుకున్నాడు. ఇప్పుడు ఇరవైల వయస్సులో ఉన్న ఆ యువకుని పేరు ఏ అంతర్జాతీయ పోటీ పతకాల పట్టికలోనూ కానరాదు. పరుగు ఆపించిన ప్రభుత్వానిది ముమ్మాటికీ సరైన నిర్ణయమని నా అభిప్రాయం. నాలుగేళ్ల ఎముకలు, నాలుగేళ్ల గుండె అంత శ్రమకు తగినవి కావు. ప్రపంచ అథ్లెటిక్స్ నియమాలు సైతం మారథాన్‌ను పెద్దల క్రీడగానే పరిగణిస్తాయి. అయితే నిషేధించడంతో ప్రభుత్వ ధర్మం తీరిపోదు. ఒక చేయి పట్టుకుని లాగినవాడు, రెండవ చేతితో దారి చూపించాలి. ఆ రెండవ పని అరకొరగా జరిగింది. అప్పుడు మందలించిన అధికారులూ, చప్పట్లు చరిచిన ప్రేక్షకులూ ఒకే విధంగా వానిని మరచిపోయారు.

కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న రోజులలో అలన్ సిలిటో 1959లో వెలువరించిన ఒక పెద్ద కథను మేము తరచూ చర్చించుకునేవాళ్లం. దొంగతనం చేసి బాలనేరస్థుల శిక్షణాలయానికి వచ్చిన ఒక కుర్రవాడు ఆ కథానాయకుడు. మంచి పరుగరి. వాడు గెలిస్తే కప్పు శిక్షణాలయం అధికారికి, పేరు శిక్షణాలయానికి. పందెంలో అందరికంటె ముందుండి కూడా ఆ కుర్రవాడు గమ్యరేఖ ముందు కావాలని ఆగిపోతాడు. ఓడిపోవడం ద్వారా తన కాళ్లు తనవేనని లోకానికి చాటుతాడు. బుధియా చిత్రం చూసినప్పుడు నాకు స్ఫురించినది ఆ కథే. ఇంగ్లండులోని ఆ నేరస్థ బాలునికి ఉన్న స్వేచ్ఛ మన నిరపరాధి బాలునికి లేకపోయింది. ఆ కుర్రవానికి ఆగడమంటే తిరుగుబాటు అని తెలుసు. నాలుగేళ్ల పసివానికి ఆగవచ్చునన్న సంగతే తెలియదు. 

ఈ కథకు రెండవ రూపం కూడా వచ్చింది. సౌమేంద్ర పాఢి దర్శకత్వంలో 'బుధియా సింగ్: బార్న్ టు రన్' అనే హిందీ చిత్రం నిర్మాణమైంది. శిక్షకునిగా మనోజ్ బాజ్‌పాయ్, బుధియాగా మయూర్ పటోలే నటించారు. 63వ జాతీయ చలనచిత్ర అవార్డులలో ఉత్తమ బాలల చిత్రంగా ఎంపికైంది. అది విడుదలైన తేదీ 2016 ఆగస్టు 5. బాలకార్మిక సవరణ బిల్లును లోక్‌సభ ఆమోదించి అప్పటికి పదిరోజులు. రియో ఒలింపిక్స్ ప్రారంభోత్సవం కూడా ఆ నాడే. కాకతాళీయమే కావచ్చు, కాని ఎంత సార్థకమైన కాకతాళీయం! ఒలింపిక్స్‌లో భారతదేశానికి పతకాలు లేవని వాపోయే జాతి, పతకం కోసం పసిబిడ్డను ఎంతవరకు పరుగెత్తించవచ్చునన్న చిత్రం, ఆ హద్దును నిర్ణయించవలసిన చట్టం ఒక్క పక్షంలోనే ఎదురుపడ్డాయి.

ఇందులో మరొక మెలిక ఉంది. పరుగెత్తే బాలునిగా నటించిన బాలుడు, నిజంగా పరుగెత్తిన బాలుడు ఇద్దరూ ఈ చట్టం దృష్టిలో ఒకే తెగకు చెందినవారు, ఇద్దరూ కళాకారులే. 2017లో వచ్చిన నిబంధనలు ఇటువంటి పిల్లలకు కొన్ని రక్షణలు కల్పించాయి. రోజుకు 5 గంటలకు మించి పని ఉండరాదు. విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటరాదు. నిర్మాత లేదా నిర్వాహకుడు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ముందుగా పొందాలి. సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో బిడ్డ పేర డిపాజిట్ కావాలి. చదువుకు భంగం కలగరాదు. బిడ్డ ఇష్టానికి, సమ్మతికి విరుద్ధంగా ఏ కార్యక్రమంలోనూ పాల్గొనేట్లు చేయరాదు.

ఈ కొలబద్దను 2006 మే 2 నాటి పరుగుకు పెట్టి చూడండి. ఏడు గంటల రెండు నిమిషాలు అయిదు గంటల హద్దును దాటిపోతుంది. ఆ పరుగు నేడు జరిగితే ఏ జిల్లా మేజిస్ట్రేటూ దానికి సంతకం పెట్టలేడు. అంతవరకు సంతోషం. కాని సమ్మతి అన్న మాట దగ్గర చట్టం తడబడుతున్నది. నాలుగేళ్ల బిడ్డ సమ్మతి అంటే ఏమిటి? తనకు అన్నం పెట్టే మనిషి, పడుకోవడానికి చోటిచ్చే మనిషి, నాన్నలేని లోటు తీర్చే మనిషి పరుగెత్తమంటే ఏ బిడ్డ కాదంటాడు? పరుగెత్తడం తనకిష్టమేనని బుధియా పలుమార్లు చెప్పాడు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. బిడ్డ ఇష్టపడినంత మాత్రాన పెద్దల బాధ్యత తగ్గదు. నిప్పుతో ఆడటం కూడా పిల్లలకు ఇష్టమే.

ఈ విషయంలో కెమెరాకు కూడా పాత్ర ఉన్నది. ఇరవై నాలుగు గంటల వార్తా ఛానెళ్లు దేశమంతటా పుట్టుకొచ్చిన కాలమది. ప్రేక్షకులు లేకుంటే ఆ పరుగు అంత దూరం సాగేది కాదు. కెమెరాలు వచ్చేకొద్దీ దూరం పెరిగింది. దూరం పెరిగేకొద్దీ కెమెరాలు వచ్చాయి. ఆనాటి పరుగును ఖండించే చిత్రం సైతం ఆనాటి దృశ్యాల మీదనే ఆధారపడక తప్పదు. కనుక 'మారథాన్ బాయ్' చూసి శిక్షకుని మీద వేలు చూపడం సులభం, మిగిలిన వేళ్లు మన వైపు తిరిగి ఉంటాయి.

మన తెలుగునాట దీనికి దగ్గరి ఉదాహరణ లేకపోలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమె వయస్సు 13 ఏళ్ల 11 నెలలు. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. నేపాల్ వైపు నుంచి 16 ఏళ్ల లోపువారికి అనుమతి లేదు గనుక టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే నేపాల్ వైపు మంచుచరియలు విరిగిపడి 16 మంది పర్వతారోహణ సహాయకులు మరణించారు. రాహుల్ బోస్ 2017లో ఆమె కథను చలనచిత్రంగా తీశారు. ఆమె విజయం మనందరికీ గర్వకారణం. గురుకుల విద్యార్థుల ఆత్మవిశ్వాసానికి అది ఇచ్చిన బలాన్ని ఎవరూ తక్కువచేసి చూడలేరు. బుధియాకు లేనివి ఆమెకు ఉన్నాయి: ఒక విద్యాసంస్థ, క్రమబద్ధమైన శిక్షణ, సాటి విద్యార్థి ఆనంద్ తోడు, బాధ్యత వహించే అధికారులు. ఆమె క్షేమంగా తిరిగి రావడం వల్లనే కొన్ని ప్రశ్నలు మనం వేసుకోలేదన్నది కూడా అంతే నిజం. విజయం నిబంధనకు ప్రత్యామ్నాయం కాదు.

రియోలో రజతం గెలిచిన పి.వి. సింధు చిన్ననాడే రాకెట్ పట్టింది. అయితే ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. బిడ్డ శరీరం ఎంత శ్రమకు ఓర్చగలదో, ఎప్పుడు విశ్రాంతి కావాలో తెలిసిన ఇల్లు అది. అటువంటి ఇల్లు లేని బిడ్డకు ఆ జ్ఞానాన్ని అందించవలసినది ఎవరు? ఈ ప్రశ్నే రాజకీయ ప్రశ్న. ధనికుని బిడ్డకు క్రీడ ఒక అభిరుచి, మధ్యతరగతి బిడ్డకు అది ఒక అవకాశం, మురికివాడ బిడ్డకు అది ఆకలి తీర్చే మార్గం. ఒకే మైదానంలో ముగ్గురూ నిలబడినా వారి పరుగులకు అర్థాలు వేరు.

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టాన్ని ఆమోదించింది. 11న లోక్‌సభ, 12న రాజ్యసభ. ప్రతిపక్షాల నిరసనల నడుమ రెండు రోజులలో పని పూర్తయింది. జాతీయ క్రీడా సంఘాలు మహిళా క్రీడాకారులకు, మైనర్లకు రక్షణ కల్పించే విధానాన్ని అనుసరించాలని అందులో ఉంది. ఇది ఆహ్వానించదగిన అడుగు. కాని ఆ చట్టం చూపు ప్రధానంగా గుర్తింపు పొందిన సంఘాల మీద. బుధియాలు పుట్టేది ఆ సంఘాల కార్యాలయాలలో కాదు. పేటలోని వ్యాయామశాలలో, బడి వెనుక మైదానంలో, పేరుబోర్డు కూడా లేని అకాడమీలో పుడతారు. ఢిల్లీలో చేసిన చట్టం అక్కడికి చేరేసరికి దాని కాళ్లు నొప్పిపెడతాయి.

ఈ మాట ఇప్పుడు చెప్పవలసిన అవసరం ఎక్కువైంది. 2030 కామన్వెల్త్ క్రీడలకు అహ్మదాబాద్ ఆతిథ్యం ఇవ్వనున్నది. 2036 ఒలింపిక్స్‌ను తేవాలని ప్రభుత్వం సంకల్పించింది. 2036లో పరుగెత్తవలసినవారు నేడు ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలలో ఉన్నారు. వారిని వెదికి, తీర్చిదిద్దే పేరుతో కోచ్‌లు, అకాడమీలు, తల్లిదండ్రుల ఆశలు అన్నీ ఆ చిన్ని భుజాల మీదికి చేరతాయి. పతకాల పట్టికలో మన స్థానం చూసుకునే జాతి, బయట పల్లకీ మోత, ఇంట ఈగల మోత అన్న సామెతను గుర్తుంచుకోవడం మంచిది.

కావలసినవి అసాధ్యమైనవేమీ కావు. పిల్లలకు శిక్షణ ఇచ్చే ప్రతి అకాడమీ, ఎంత చిన్నదైనా, జిల్లా స్థాయిలో నమోదు కావాలి. ఏ వయస్సులో ఎంత దూరం, ఎంత బరువు, ఎన్ని గంటలు అన్నది వైద్యులు నిర్ణయించి ప్రకటించాలి. పందేనికి ముందు, తర్వాత కూడా బిడ్డను పరీక్షించిన వైద్యుని మాటే తుదిమాట కావాలి. అన్నింటికంటె ముఖ్యంగా, ఏదైనా పరుగును ప్రభుత్వం ఆపితే, ఆ బిడ్డ చదువు, తిండి, శిక్షణ పద్దెనిమిదేళ్లు నిండేదాకా ప్రభుత్వ బాధ్యతగా చట్టంలో రాయాలి. అప్పుడు మాత్రమే నిషేధానికి నైతిక బలం ఉంటుంది. కుటుంబ వృత్తుల మీద 2016లో జరిగినంత చర్చ బాల క్రీడాకారుల మీద కూడా ఏదో ఒక సమావేశంలో జరగాలని సభ్యులను కోరుతున్నాను. రాష్ట్రాల శాసనసభలకు కూడా ఇదే విన్నపం. క్రీడలు వారి జాబితాలోనివే గదా!

ఆగస్టు 29న ధ్యాన్‌చంద్ పేర జాతీయ క్రీడా దినోత్సవం జరుపుకుంటున్నాము. ఆనాడు విజేతలకు పురస్కారాలు అందజేయడం సముచితమే. ఒక్క ఏడాదైనా ఆ దినాన పాఠశాలలలో 'మారథాన్ బాయ్' చిత్రాన్ని పిల్లలకు కాక, పెద్దలకు ప్రదర్శిస్తే బాగుంటుంది. వ్యాయామోపాధ్యాయులు, తల్లిదండ్రులు, జిల్లా అధికారులు, పత్రికలవారు కలిసి చూడాలి. పరుగెత్తమని బిడ్డకు చెప్పేవారు మన దేశంలో వేలమంది ఉన్నారు. ఇక చాలు, ఆగమని సకాలంలో చెప్పగలవాడు ఒక్కడు ఉంటే ఆ పూరీ రోడ్డు మీద పసివాడు కూలిపోయి ఉండేవాడు కాదు.